బూజు తిన్న సీసం

నవంబర్ 3, సోమవారం

షెడ్డులో వెనక వరుస డ్రమ్ము తేలికైంది. తూకం అక్కర్లేదు, నా చేతులకు తెలుసు. పోయిన నెల దాన్ని మూలకు జరపడానికి ఇద్దరం తంటాలు పడ్డాం. ఇవాళ ఒక్కణ్ణే అంచు పట్టుకుంటే మర్యాదగా వంగింది.

అందులో ఉన్నది బంగారమేం కాదు, వాడేసిన బూజు. మా ఇంజినీరు ఆఫ్తాబ్ సార్ దాన్ని తొట్లలో పెంచి, ఉడికించి, ఆరబెట్టి సగ్గుబియ్యం లాంటి పూసలు చేయిస్తాడు. వాటిని నిలువు గొట్టాల్లో నింపుతాం. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ నుంచి ట్యాంకర్లో వచ్చిన నీళ్ళు పైన పోస్తే కింద తేటగా దిగుతాయి. నీళ్ళలోని సీసం పూసలకు పట్టుకుని ఉండిపోతుంది. ఇక పట్టలేనంత పట్టాక ఆ పూసల్ని డ్రమ్ముల్లోకి ఎత్తి, ప్రమాదకర చెత్త తీసుకెళ్ళే లారీ వచ్చేదాకా షెడ్డులో పెడతాం. డ్రమ్ముల మీద సంతకం నాది. తక్కువ వస్తే మెడకు చుట్టుకునేది నాకే.

మరి ఎవరు తీస్తున్నారు?

షెడ్డుకు తాళం చెవులు రెండే. ఒకటి నాది, ఒకటి ఆఫ్తాబ్ సార్‌ది. (నాది మెస్‌లో మేకుకు తగిలించి ఉంటుంది, జేబులో పెట్టుకుంటే పోతుందని. అది వేరే విషయం.) నేను తియ్యలేదు. ఇక మిగిలింది ఎవరో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

మెస్‌లో వంట చేసే పీరయ్య బాబాయ్ నా కోసం గోంగూర పచ్చడి చేశాడు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఈ సౌదీ రాస్ తనూరా ఇసుకలో వినుకొండ గోంగూర! మనుషుల మీద నమ్మకం పోయినప్పుడు అదొక్కటే దిక్కు. మూడుసార్లు వడ్డించుకున్నాను.

నవంబర్ 6, గురువారం

ఆఫ్తాబ్ సార్ దమ్మాంలో కాపురం. గురువారం అందరికంటే ముందు బయల్దేరతాడు. ఇవాళ కారు దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతిలో నల్ల కవరు ఉంది, నిండుగా ఉబ్బి. డిక్కీలో పెట్టి అటూ ఇటూ చూశాడు. దొంగచూపు ఎలా ఉంటుందో నాకొకరు నేర్పక్కర్లేదు.

ఈ కాంపౌండ్ నుంచి పుల్లముక్క కూడా బయటికి తీసుకెళ్ళకూడదు. ప్లాంటు, క్యాంపు రెండూ ఒకే కంచెలో ఉన్నాయి కాబట్టి రూలు అందరికీ ఒకటే. ఇంజినీరు అయితే మాత్రం?

నవంబర్ 9, ఆదివారం

ఊరికే అన్నట్టు అడిగాను. “సార్, ఆ పాత పూసలు వేరే కంపెనీ వాళ్ళ చేతికి దొరికితే మన కిటుకు తెలిసిపోతుందా?”

ఆఫ్తాబ్ సార్ పంపు మీటరు నుంచి తల తిప్పకుండా, “ల్యాబ్ ఉంటె తెలుస్తది. ఎందుకన్నా?” అన్నాడు.

“డ్రమ్ములు తేలికవుతున్నాయి సార్.”

“నీళ్ళు ఆరితే తేలిక గావా? గురవన్నా, నీకు నీ నీడ మీద గూడ డౌటే.” అని నవ్వాడు. నవ్వు కొంచెం తొందరగా వచ్చింది.

నీళ్ళు ఆరతాయి, నిజమే. మూత రింగు బిగించిన డ్రమ్ములో ఎలా ఆరతాయి?

తర్వాత తనే చెప్పాడు, భార్య రిజ్వానా గారికి అయిదో నెలట. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదట. “ఈసారి అల్లా దయుండాలె అన్నా. ఆమె ఏం అడిగినా కాదనబుద్ధి గాదు.” కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ పాపం అనిపించింది. ఖర్చులు పెరిగిన మనిషి అన్నమాట అని తర్వాత అనిపించింది.

నవంబర్ 12, బుధవారం

కడుపులో మెలిపెడుతోంది. నోట్లో ఇనప రుచి. వాటర్ కూలర్ మీద అనుమానం. రేపటి నుంచి సీసా నీళ్ళే తాగుతాను.

నవంబర్ 14, శుక్రవారం

సెలవు. మెస్ వెనక పీరయ్య బాబాయ్ మడి దగ్గర కూర్చున్నాను. ఏసీల నుంచి కారే నీళ్ళను డబ్బాల్లో పట్టి పోస్తాడు. ఇసుకలో టీపొడి పిప్పి, చేపముళ్ళు, గుడ్డు పెంకులు కలిపి కలిపి రెండేళ్ళకు దాన్ని మట్టి అనిపించాడు. నిరుడు గోంగూర వేలెడు ఎత్తున ఏడ్చింది. ఈసారి ఆకు అరచెయ్యంత ఉంది.

“ఏం మందు వేశావు బాబాయ్?”

“మందా నా బొందా. నువ్వు తినటం నేర్చావు, అడగటం ఎందుకయ్యా?”

బాబాయ్‌కి మా ప్లాంటు సంగతులంటే సరదా. బూజు గురించి వేసవిలో నేనే చెప్పాను. ఇవాళ మళ్ళీ ఎత్తాడు.

“ఇసాన్ని అది తింటదంటివి గదా?”

“తింటుంది. పుట్టగొడుగుల వంశమేగా.”

“మా బామ్మర్దికి పుట్టగొడుగుల షెడ్డుండేది. ఆ షెడ్డు చెత్త మిరప చేలోకి తోలేవోడు. చేను జూడాల నువ్వు, నల్లగా నిగనిగలాడేది.”

ఊ కొట్టాను. నా ధ్యాసంతా గురువారం నాటి నల్ల కవరు మీదే ఉంది. నిన్న కూడా పట్టుకెళ్ళాడు.

వచ్చే నెల మధ్యలో బ్యాటరీ ఫ్యాక్టరీ వాళ్ళు ప్లాంటు చూడ్డానికి వస్తారు. నచ్చితే పెద్ద ప్లాంటు కడతారు, మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్లు, పొడిగిస్తారు. నచ్చకపోయినా, డ్రమ్ముల్లో తేడా దొరికినా ఫైనల్ ఎగ్జిట్. మార్కాపురం వెళ్ళి ఈ వయసులో నేనేం చెయ్యాలి? వాళ్ళొచ్చేలోగా దొంగను పట్టాలి.

నవంబర్ 18, మంగళవారం

పక్క డ్రమ్ము కూడా తేలికైంది.

కడుపునొప్పి తగ్గలేదు. కూలర్ కాదన్నమాట. మెస్ నూనె అయి ఉంటుంది. బాబాయ్‌తో అంటే నొచ్చుకుంటాడు. పచ్చడి కలుపుకుంటేనే నాలుగు ముద్దలు దిగుతున్నాయి.

నవంబర్ 20, గురువారం

ట్యాంకు మెట్ల మీద నిలబడి చూశాను. కవరు ఈసారి ఇంకా పెద్దది. రెండు చేతుల మీద మోసుకొచ్చి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు డిక్కీలో పెట్టాడు. మెస్ వైపు నుంచే వచ్చాడు. మెస్ పక్కనే షెడ్డు. ఇంకేం కావాలి?

భోజనాల దగ్గర ఆగలేక బాబాయ్‌తో చెప్పేశాను. “ఆఫ్తాబ్ సార్ పూసలు ఎత్తుకెళ్ళి అమ్ముకుంటున్నాడు. కళ్ళారా చూశా.”

బాబాయ్ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏందయ్యా నువ్వు జూసింది?”

“నల్ల కవరు.”

దాన్ని గిన్నెలోనే వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, “పోనీలే గురవయ్యా, ఆ సారు మంచోడు. ఎవురి జోలీ మనకొద్దు,” అన్నాడు.

ఈయన్ని కూడా మంచి చేసుకున్నాడన్నమాట! అందరితో తియ్యగా మాట్లాడే మనిషిని నేను ఏనాడూ నమ్మలేదు.

నవంబర్ 23, ఆదివారం

మేనేజర్ హబీబ్ గదికి వెళ్ళాను. సౌదీ మనిషి, మితభాషి. నా ఇంగ్లీషూ ఆయన హిందీ కలిసి ఎలాగో ఒడ్డున పడ్డాయి. డ్రమ్ముల సంగతి, గురువారాల సంగతి చెప్పాను. “నీకు ఖాయంగా తెలుసా?” అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఖాయమే అన్నాను. గురువారం గేటు దగ్గర కారు ఆపిస్తానన్నాడు.

షెడ్డుకు వెళ్ళి డ్రమ్ముల మూతలు తీసి చూపిస్తే సరిపోయేది కదా అని ఇప్పుడనిపిస్తోంది. చూపిస్తే తేడా కనపడేది, దొంగ కనపడడు. ముందు దొంగ దొరకాలి.

నవంబర్ 26, బుధవారం

రేపు.

నవంబర్ 27, గురువారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

గేటు దగ్గర హబీబ్ నిలబడ్డాడు. నేపాలీ గార్డు చెయ్యెత్తి కారు ఆపాడు. నేను కొంచెం దూరంగా, సిగరెట్టు కాల్చుకోవడానికి వచ్చినట్టు నిలబడ్డాను. నాకు సిగరెట్టు అలవాటు లేదు.

డిక్కీ తెరవమనగానే ఆఫ్తాబ్ సార్ మొహం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, “ఏం లేదు సార్, పర్సనల్ సామాన్,” అన్నాడు. నా గుండె సంబరంతో కొట్టుకుంది. అబద్ధం ఎందుకు, సంబరమే. గార్డు కవరు తీసి ముడి విప్పాడు.

గోంగూర.

నారతో కట్టిన కట్టలు. లేత కాడలు, అరచెయ్యంత ఆకులు, పైన తడిగుడ్డ.

హబీబ్ ఒక ఆకు తుంచి వాసన చూశాడు. ఇదేమిటన్నాడు. ఆఫ్తాబ్ సార్ తల వంచుకుని, నా భార్య గర్భిణి సార్, పుల్లటి ఆకు తినాలని ఉందంటోంది, మెస్ పీరయ్య తన మడిలోది ఇస్తున్నాడు, బయటికి తీసుకెళ్ళకూడదని తెలిసే దాచాను అని ఇంగ్లీషులో చెప్పాడు. గార్డు పక్కకు తిరిగి నవ్వాడు. ఒక నిమిషానికి హబీబ్ కూడా నవ్వాడు. కవరు మూటగట్టి తనే డిక్కీలో పెట్టాడు. బిడ్డ పుడితే మిఠాయి తెమ్మన్నాడు. నా వైపు చూసినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆఫ్తాబ్ సార్ నా దగ్గరికి నడిచి వచ్చాడు. గొంతు పెంచలేదు.

“ఇంట్లదానికి పుంటికూర తీస్కపోతున్నందుకు నన్ను దొంగను జేసి గేటు కాడ నిలబెడ్తివా గురవన్నా? నేన్నిన్ను అన్నా అని పిలిచిన.”

కారు వెళ్ళిపోయింది. గోంగూరతో సహా.

నవంబర్ 28, శుక్రవారం

పొద్దున ఎవరి మొహమూ చూడలేక గదిలోనే ఉన్నాను. మధ్యాహ్నం బాబాయ్ వచ్చి పిలిచాడు.

కోపమంతా ఆయన మీద పెట్టాను. “సార్‌కి ఆకు ఇస్తున్నానని నాకో మాట చెబితే ఏం పోయేది? గేటు దగ్గర నా పరువు పోయేదా?”

“చెబితే నువ్వు ఏడుస్తావని చెప్పలా. నిరుడు ఆ బంగ్లాదేశోడికి నాలుగు ఆకులిచ్చినందుకు మూడ్రోజులు నాతో మాట్లాడలా నువ్వు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. ఆకంతా నీకే పెట్టమంటావా?”

అది నిజమే.

“పా, ఒక కట్ట నువ్వే కోసుకురా. ఏడేడిగా నూరి పెడతా,” అన్నాడు. ఆయన కోపం ఎప్పుడూ తిండితోనే తీరుస్తాడు.

మడి దగ్గర కూర్చుని మొదట్లో వంగిన కాడ ఒకటి లాగాను. వేరుతో సహా వచ్చింది. వేళ్ళకు మట్టి, మట్టిలో చిన్న చిన్న పూసలు. తడికి ఉబ్బి బూడిదరంగులో ఉన్నాయి. చేపగుడ్లేమో అనుకున్నాను. అనుకుంటూనే ఒకటి వేళ్ళ మధ్య నలిపాను. మెత్తగా, సాగుతూ, తోలులాగా. రోజూ గొట్టాల్లోంచి ఎత్తిపోసే పూస నా వేళ్ళకు తెలియదా?

“బాబాయ్, ఇది ఎక్కడిది?”

గర్వంగా చెప్పాడు. “ఎరువు! మీ షెడ్డులోదే. పారబోసే చెత్తేగా అని తాళం తీసి బక్కెట్టుతో తెస్తన్నా. ఎండలు తగ్గినప్పటి నుంచీ కుళ్ళబెట్టి యేస్తన్నా. యెట్టుంది ఆకు?”

“అది విషం బాబాయ్! డ్రమ్ము మీద పుర్రెబొమ్మ చూడలేదా?”

“పుర్రెబొమ్మ ఈడ పినాయిలు సీసా మీద గూడా ఉంటది. రాతంతా అరబ్బీ, ఇంగిలీసు. అయినా ఇసాన్ని అది తినేసిద్దని నువ్వేగా చెప్పింది? తిన్నాక అరిగిపోదా?”

సీసం అరగదు. ఎవరు తిన్నా అరగదు. నీళ్ళలోంచి బూజులోకి, బూజులోంచి మట్టిలోకి, మట్టిలోంచి వేరులోకి. వేరులోంచి ఆకులోకి. బాబాయ్ నా మొహం చూసి, నా చేతిలోని కాడ లాక్కుని దూరంగా విసిరేశాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఊళ్ళో ఉన్న అందరినీ అనుమానించాను, నా కంచాన్ని తప్ప.

నవంబర్ 28, సాయంత్రం

ఆకులోకి అంత ఎక్కదేమో. ఎక్కినా కొంచెమేమో. ఉడికిస్తే పోతుందేమో. (ఉడికిస్తే పోదు. తెలుసు.)

చెబితే బాబాయ్‌ని రేపే విమానం ఎక్కిస్తారు. తాళం మేకుకు తగిలించింది ఎవరని అడుగుతారు. నన్నూ ఎక్కిస్తారు. మడి పీకేసి, ఇక మీదట ఆకు లేదని సార్‌కి చెప్పిస్తే సరిపోదా?

నిన్న ఒక మూటెడు వెళ్ళింది. ఇప్పుడు పొయ్యి మీద ఉండి ఉంటుంది.

రెండుసార్లు నిలవలేదన్నాడు.

ఫోను చేశాను. కట్ చేశాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్. “ఆకు తినొద్దు, అందులో సీసం ఉంది” అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఇంకోటి పెడితే అది చేరనే లేదు. నన్ను బ్లాక్ చేశాడు.

నాన్నా పులి కథలో పిల్లవాడి గురించే అందరూ చెబుతారు. పులి మాత్రం నిజంగా వచ్చింది కదా.

నవంబర్ 29, శనివారం

తెల్లారగానే నేనూ బాబాయ్ టాక్సీలో దమ్మాం వెళ్ళాం. దారంతా బాబాయ్ ఒక్కటే మాట, “ఆ బిడ్డకేమన్నా అయితే నేను బతకనయ్యా.” నా జేబులో టిష్యూ కాగితంలో చుట్టిన మట్టి.

తలుపు తీసింది రిజ్వానా గారు. అదే మొదటిసారి చూడటం. నంద్యాల మనిషి. చున్నీ సర్దుకుని, “పీరయ్యన్నా! రాండి రాండి. మీ పుణ్యాన ఈ దేశంలో గోగాకు తింటాండా,” అని నవ్వింది. గేటు దగ్గర జరిగింది ఆమెకు తెలియదేమో. ఇల్లంతా గోంగూర, మాంసం ఉడుకుతున్న వాసన. నా నోట్లో నీళ్ళూరాయి. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆఫ్తాబ్ సార్ లోపలి నుంచి వచ్చాడు. నన్ను చూడగానే మొహం గట్టిపడింది.

“నిన్న మెసేజ్ చేసినవ్, ఇయ్యాల ఇంటికొచ్చినవ్. ఇప్పుడు నా ఇంట్ల గిన్నె మీద గూడ డౌటా?”

“అవును సార్,” అన్నాను.

“బయటికి నడువు.”

“వెళ్తాను సార్. ఒక్కసారి ఇది చూడండి, చూశాక తన్నినా వెళ్తాను.”

టిష్యూ విప్పి బల్ల మీద పరిచాను. మట్టిలో నాలుగైదు పూసలు. మాటలతో నేను ఆయనకు చెప్పగలిగింది ఇక ఏమీ మిగల్లేదు.

మొదట ఆయన చూడలేదు. తర్వాత చూశాడు. వంగి ఒక పూస తీసుకుని గోటితో చీల్చి లోపలి పొర చూశాడు. ఆ పూసలు ఆయన చేసినవి. మూడేళ్ళు వాటితోనే బతికాడు, సముద్రాలనైనా కడుగుతాయని మీటింగుల్లో చెబుతుంటాడు.

“యాడియి ఇవి?”

“గోంగూర మడిలోవి,” అన్నాను. బాబాయ్ గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. “నేనే యేశానయ్యా. ఎరువనుకున్నా. నా చేతులు యిరిగిపోనూ.”

ఆఫ్తాబ్ సార్ వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది. గిన్నె సింకులో వంచబోయి, వంచకుండా మళ్ళీ పట్టుకొచ్చి మూత పెట్టి, ఒక సంచిలో కట్టాడు. సింకులో పోస్తే అది మళ్ళీ నీళ్ళలోకే పోతుంది కదా. ముడి మీద ముడి వేశాడు.

“ఏమైందండీ? ఎవురన్నా చెప్పండి నాకు,” అంది రిజ్వానా గారు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

నేనే చెప్పాను.

నవంబర్ 30, ఆదివారం

ఆఫ్తాబ్ సార్ ఆకును మా ల్యాబులోనే నూరి యంత్రంలో పెట్టాడు. సీసం ఉంది. యంత్రం మీద నాకు అనుమానం రాలేదు.

రిజ్వానా గారికి రక్తపరీక్ష. ఇంకెవరైనా తిన్నారా అని డాక్టరమ్మ అడిగిందట. సార్ మధ్యాహ్నం ప్లాంటుకు వచ్చి, “ఎక్కు” అన్నాడు. కారులో ముందు సీట్లో నేను, వెనక బాబాయ్. గేటు దగ్గర గార్డు కారు ఆపలేదు, నా వైపు చూసి నవ్వనూ లేదు.

డిసెంబర్ 3, బుధవారం

రిపోర్టులు వచ్చాయి. రిజ్వానా గారికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. స్కానింగులో బిడ్డ బాగానే ఉంది. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడమని, నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దామని, అప్పటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అంది. బాబాయ్‌ది కొంచెమే. వండటమే గానీ ఆయన పెద్దగా తినడు.

నాది చాలా ఎక్కువ. కడుపునొప్పి, ఇనప రుచి అన్నీ అదేనట. కూలర్‌కి క్షమాపణ చెప్పాలి.

డిసెంబర్ 7, ఆదివారం

హబీబ్ గదిలో విచారణ. బాబాయ్‌ని పంపించెయ్యాలన్నారు. తాళం మేకుకు తగిలించింది నేను, బూజు విషాన్ని తినేస్తుందని చెప్పింది నేను, తిన్నది ఏమవుతుందో చెప్పనిది కూడా నేనే అన్నాను. పంపిస్తే ఇద్దర్నీ పంపండి అన్నాను. ఆఫ్తాబ్ సార్ లేచి, డ్రమ్ములు తేలికయ్యాయని ఇతను ముందే చెప్పాడు, నవ్వి కొట్టిపారేసింది నేను అన్నాడు. ముగ్గురికీ వార్నింగ్. ఫ్యాక్టరీ వాళ్ళ రాక వాయిదా. పెద్ద ప్లాంటు ఉంటుందో లేదో తెలియదు. ఉండాలనే ఉంది. నీళ్ళయితే శుభ్రమయ్యాయి, అందులో అబద్ధం లేదు.

డిసెంబర్ 9, మంగళవారం

మడి తవ్వేశాం. చేతితొడుగులు, మాస్కులు వేసుకుని, మట్టి, వేళ్ళు, గోంగూర అన్నీ డ్రమ్ముల్లోకి ఎత్తాం. ఆఖరి కాడ ఎత్తేటప్పుడు బాబాయ్ దాన్ని ఒకసారి ఇసుకలో విదిలించి, మట్టి రాలగొట్టి వేశాడు. అలవాటు.

డ్రమ్ముల మీద అరబ్బీ, ఇంగ్లీషు స్టిక్కర్ల పక్కన లావు మార్కరుతో తెలుగులో రాశాను. “ఇది ఎరువు కాదు. విషం లోపలే ఉంది.” పీరయ్య బాబాయ్ వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివాడు. “ముందే ఇట్టా రాస్తే సరిపోయేదిగా,” అన్నాడు. తప్పుపట్టినట్టు కూడా అనలేదు.

తాళం చెవి ఇప్పుడు నా మెడలో ఉంది.

డిసెంబర్ 19, శుక్రవారం

రిజ్వానా గారు వాట్సాప్‌లో ఫోటో పంపింది. కొత్తిమీర కట్ట. “అన్నా, ఇది తినొచ్చా?”

ఎక్కడ కొన్నారు, ఎవరు పండించారు, ఏ నీళ్ళు పోశారు అని అడిగాను. ఓపిగ్గా అన్నీ కనుక్కుని చెప్పింది. నిన్న పాలకూర, మొన్న మెంతికూర. మా ఆయన అన్నిటికీ తినొచ్చు అంటాడు, ఆయన మాట నమ్మబుద్ధి కాదు, మీరైతే అనుమానిస్తారు అని రాసింది.

నా జన్మలో ఈ గుణాన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

జనవరి 4, ఆదివారం

రేపు రెండో రిపోర్టు. బాబాయ్ నిన్నటి నుంచి ఉపవాసం. ఏ దేవుడికని అడిగితే, “ఎవురింటే ఆళ్ళకి” అన్నాడు.

జనవరి 5, సోమవారం

రిజ్వానా గారికి తగ్గింది. బిడ్డ కదులుతున్నాడట, లేదా కదులుతోందట. ఆఫ్తాబ్ సార్ ఫోనులో అరిచి చెప్పాడు. మెస్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ పొయ్యి దగ్గర కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

నేను మాత్రం, “సార్, ఆ ల్యాబు మీద నాకు నమ్మకం లేదు. ఇంకోచోట చేయించండి,” అన్నాను.

తిడతాడనుకున్నాను.

“నేను గూడ గదే అనుకుంటున్న గురవన్నా,” అన్నాడు.

జనవరి 8, గురువారం

ఇంకో ల్యాబు రిపోర్టు వచ్చింది. అక్కడా తగ్గింది.

కాగితం ఫోటో పెద్దది చేసి పేరు చూశాను, తేదీ చూశాను, స్టాంపు చూశాను. తప్పేమీ దొరకలేదు. ఇంకా వెతికాను. దొరకలేదు. అప్పుడు నమ్మాను. నమ్మాక ప్లాంటు వెనక్కి వెళ్ళి, మడి ఉన్నచోట ఖాళీ ఇసుక మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.